అంటుకోవడానికి మెత్తదనం, ఊడకుండా ఉండటానికి బిరుసు

విశాఖ డాబాగార్డెన్స్‌లో ఒక చిన్న మొబైల్ కొట్టు ముందు నిలబడి, ఫోను తెరకు టెంపర్డ్ గ్లాసు వేయించుకుంటున్నప్పుడు ఈ వ్యాసానికి మొదటి ప్రశ్న దొరికింది. కొట్టులోని కుర్రాడు తెరను తడిగుడ్డతో, ఆ తర్వాత పొడిగుడ్డతో తుడిచి, అంచులు సరిచూసుకుని అద్దాన్ని పైనుంచి మెల్లగా వదిలాడు. మధ్యలో వేలితో ఒక్కసారి తాకాడు, అంతే. తాకిన చోట నల్లటి మచ్చ పుట్టి, ఎవరూ నొక్కకుండానే, తడి కాగితం మీద సిరా పాకినట్టు నాలుగు వైపులా పాకుతూ అంచుల దాకా వెళ్లింది. ఒక్కచోట మాత్రం ఆగిపోయింది. అక్కడ కంటికి సరిగా ఆనని దుమ్ము రేణువు, దాని చుట్టూ మినపగింజంత తెల్లటి బుడగ. వేలితో ఎంత అదిమినా ఆ బుడగ ఆకారం మారిందే తప్ప పోలేదు. "అది గాలి కాదు సార్, దుమ్ము. గ్లాసు వంగదు కదా, అందుకే లెగిసిపోద్ది. అదే ప్లాస్టిక్ రేకైతే కనపడదు" అన్నాడతను.

ఆ రెండు మాటల్లో ఈ విషయం సగం ఉంది. అద్దం అడుగున ఉన్న సిలికోన్ పొరకూ ఫోను తెరకూ మధ్య ఉన్న ఆకర్షణ బుడగ దగ్గర ఎంతో, బుడగ లేని చోట కూడా అంతే. అణువులు అవే, రసాయనం అదే. అయినా ఒకచోట అతుకు పడింది, మరోచోట పడలేదు. తేడా తెచ్చినది పైనున్న పలక వంగుతుందా లేదా అన్న ఒక్క విషయం. అంటుకునే గుణాన్ని జిగురులోనే వెతకడం మనకు అలవాటు. నిజానికి ఆ గుణంలో పెద్ద వాటా వస్తువు బిరుసుదనానిది. అయితే ఆ బిరుసు ఒకే దిశలో పనిచేయదు. రెండు ముఖాలు కలిసేటప్పుడు అది శత్రువు, విడిపోయేటప్పుడు తరచుగా మిత్రుడు. ఈ రెండు పాత్రలను వేరు చేసి చూడకపోవడం వల్లనే "మెత్తనివి బాగా అంటుకుంటాయా, గట్టివి బాగా అంటుకుంటాయా" అన్న ప్రశ్నకు ఒకదానికొకటి పొసగని జవాబులు వినిపిస్తాయి.

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. బిరుసు అంటున్నది పాఠ్యపుస్తకాల్లో దృఢత్వం అని రాసే గుణాన్ని. గీత పడకుండా తట్టుకునే కాఠిన్యం వేరు. వంచినా, నొక్కినా ఆకారం మార్చుకోవడానికి వస్తువు ఎంత మొండికేస్తుందో చెప్పేది బిరుసు, దాన్ని యంగ్ గుణకంతో కొలుస్తారు. ఒత్తిడిని కొలిచే పాస్కల్ ప్రమాణంలోనే దాన్నీ చెబుతారు. ఉక్కుకు ఆ విలువ సుమారు 20,000 కోట్ల పాస్కల్, గాజుకు 7,000 కోట్లు. మామూలు రబ్బరు పది లక్షల నుంచి కోటి మధ్యలో ఉంటుంది. పిల్లలు తినే జెల్లీ కొన్ని వేల పాస్కల్ దగ్గర, మెదడు కణజాలం వెయ్యికి అటూ ఇటూ ఉంటాయి. అంటే ఉక్కుకూ మెదడుకూ మధ్య తేడా ఇరవై కోట్ల రెట్లు. నిత్యజీవితంలో మనం ముట్టుకునే వస్తువుల గుణాల్లో ఇంత విస్తారంగా మారేవి చాలా తక్కువ. ఇక అంటుకునే గుణాన్ని భౌతికశాస్త్ర పుస్తకాలు అసంజనం అంటాయి. ఆ మాటను పరీక్ష రాసిన మర్నాడే అందరూ మరిచిపోతారు కాబట్టి నేను అతుకు, పట్టు అనే రాస్తాను.

ఈ అతుకుకు మూలం అణువుల మధ్య ఉండే వాండర్ వాల్ బలాలు. ఏ రెండు వస్తువులైనా సరే, వాటికి విద్యుదావేశం లేకపోయినా, రసాయన బంధం కలవకపోయినా, తగినంత దగ్గరికి వస్తే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. రెండు సిలికోన్ ముఖాలు పూర్తిగా కలిసినప్పుడు ఆదా అయ్యే శక్తి చదరపు మీటరుకు సుమారు 0.05 జౌల్. వినడానికి ఇది చాలా చిన్నది. కానీ ఈ శక్తి అంతా నానోమీటరులో (మిల్లీమీటరులో పది లక్షో వంతులో) చిన్న భాగమంత దూరంలోనే పుడుతుంది కాబట్టి, బలంగా మార్చి లెక్కిస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఆరు టన్నులు వస్తుంది. గోరంత స్థలంలో అయిదారు చిన్న కార్లను వేలాడదీయవచ్చన్న మాట. ఇంతటి ఆకర్షణ ఉన్నప్పుడు జేబులోని రెండు రూపాయి బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుపోవాలి, టేబుల్ మీద పెట్టిన గాజు గ్లాసు మళ్లీ పైకి రాకూడదు. అలా జరగడం లేదు. అంటుకోవడం ఎందుకు సాధ్యమన్నది ఒక ప్రశ్నే అయినా, లోకంలో వస్తువులన్నీ ఎందుకు అంటుకుపోవడం లేదన్నదే ఎక్కువ చిక్కైన ప్రశ్న.

జవాబు దూరంలో ఉంది. ఈ ఆకర్షణ ఒత్తిడి దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. దూరం పది రెట్లు పెరిగితే లాగే ఒత్తిడి వెయ్యో వంతుకు పడిపోతుంది. కొన్ని నానోమీటర్లు దాటితే ఇక లెక్కలోకి రాదు. మన కంటికి అద్దంలా కనిపించే ముఖం కూడా ఆ కొలతలో చూస్తే కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్, మధ్యలో లోయలు ఉన్న భూభాగం లాంటిది. రెండు బిరుసు ముఖాలను ఎదురెదురుగా పెడితే ఆ కొండకొనలు మాత్రమే తాకుతాయి. అసలు తాకిన వైశాల్యం చూపుకు కనిపించే వైశాల్యంలో ఎంతో చిన్న భిన్నం. మిగతా అణువులన్నీ ఎదుటి ముఖానికి అందనంత దూరంలో ఊరకే కూర్చుని ఉంటాయి.

ఆ లోయలను నింపాలంటే వస్తువు తన ఆకారం మార్చుకోవాలి. ఆకారం మార్చుకోవడానికి శక్తి కావాలి. ఆ శక్తిని ఇవ్వగలిగింది అణువుల ఆకర్షణ ఒక్కటే. ఇది అప్పటికప్పుడు జరిగే బేరం. ఎగుడుదిగుడు ఎత్తును వర్గం చేసి, రెండు గుట్టల మధ్య దూరంతో భాగించి, యంగ్ గుణకంతో గుణిస్తే, ముఖాన్ని చదును చేయడానికి చదరపు మీటరుకు అయ్యే ఖర్చు ఇంచుమించుగా వస్తుంది. గుట్ట ఎత్తు ఒక మైక్రోమీటరు (మిల్లీమీటరులో వెయ్యో వంతు), గుట్టల మధ్య దూరం 100 మైక్రోమీటర్లు అనుకుందాం. పది లక్షల పాస్కల్ రబ్బరుకు ఖర్చు 0.01 జౌల్. రాబడి 0.05 జౌల్. బేరం గిట్టుబాటైంది, రబ్బరు తనంతట తానే లోయల్లోకి దిగి అతుక్కుంటుంది. కోటి పాస్కల్ గట్టి రబ్బరుకు ఖర్చు 0.1 జౌల్, అంటే రాబడికి రెట్టింపు. అది అంటుకోదు. గాజుకు ఖర్చు 700 జౌల్. రాబడి కన్నా 14,000 రెట్లు ఎక్కువ కనుక అక్కడ బేరమాడేందుకే ఏమీ లేదు. అదే పదివేల పాస్కల్ జెల్లీకైతే ఖర్చు పైసల్లోనే.

ఈ లెక్కను చేతితో చేసి చూపించినవారు కేంబ్రిడ్జ్‌కు చెందిన ఫుల్లర్, డేవిడ్ ట్యాబర్. 1975లో వారు వేర్వేరు మెత్తదనాలున్న రబ్బరు గోళాలను క్రమంగా గరుకు పెంచుతూ పోయిన పెర్‌స్పెక్స్ అనే పారదర్శక ప్లాస్టిక్ పలకల మీద అంటించి చూశారు. పలక గరుకు ఒక మైక్రోమీటరు స్థాయికి చేరేలోపే గట్టి రబ్బరు పట్టు దాదాపు పోయింది. మెత్త రబ్బరు మాత్రం ఇంకా పట్టుకునే ఉంది. అంతకన్నా ముందే 1960లలో, టేపులు తయారుచేసే 3ఎమ్ సంస్థలో పనిచేసిన కార్ల్ డాల్‌క్విస్ట్ అనుభవం మీద ఒక హద్దు గీశాడు. తాకగానే అంటుకునే పదార్థం కావాలంటే దాని గుణకం మూడు లక్షల పాస్కల్ లోపు ఉండాలి. అంతకన్నా బిరుసైతే చేతితో నొక్కే నొక్కుడుకు ఎదుటి ముఖంలోని లోయల్లోకి దిగదు. సెల్లో టేపు, గాయానికి వేసే ప్లాస్టర్, చీటీల వెనక జిగురు అన్నీ నేటికీ ఆ గీత కిందే తయారవుతున్నాయి.

ఇప్పుడు మళ్లీ ఆ బుడగ దగ్గరకు రావచ్చు. అక్కడ ఎగుడుదిగుడు ముఖంలో లేదు, మధ్యలో వచ్చి పడిన రేణువులో ఉంది. 20 మైక్రోమీటర్ల రేణువు మీద 0.3 మి.మీ. గాజు పలక వాలితే, పలకను వంచే ఖర్చూ అతుకు ఇచ్చే రాబడీ ఎక్కడ సమానమవుతాయో లెక్కిస్తే బుడగ వ్యాసార్థం సుమారు ఒక సెంటీమీటరు వస్తుంది. అదే రేణువు మీద 0.1 మి.మీ. పాలిస్టర్ రేకు వేస్తే రెండు మిల్లీమీటర్లు. కొట్టులో నేను చూసిన బుడగ సెంటీమీటరు కన్నా చాలా చిన్నది, ఎందుకంటే అద్దం అడుగున ఉన్న మెత్తటి సిలికోన్ పొర ఆ రేణువులో కొంత భాగాన్ని మింగేసింది. పొర లేకుండా ఉత్త గాజు మీద గాజు పెట్టి ఉంటే అసలు ఆ నల్లమచ్చే పాకేది కాదు. "గ్లాసు వంగదు కదా" అన్న మాటకు అర్థం ఇదే. వంగుడుకు అడ్డుపడే బిరుసు మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, గాజు జాతికన్నా ఆ మూడు రెట్ల మందమే ఇక్కడ ఎక్కువ నష్టం చేస్తోంది.

మందం మాట వచ్చింది కాబట్టి గోడ మీది బల్లి సంగతి చెప్పుకోవాలి. విశాఖలో వర్షాకాలపు రాత్రుళ్లు ట్యూబులైటు చుట్టూ చేరే బల్లులు గోడ మీద, పైకప్పుకు తలకిందులుగా, నున్నటి కిటికీ గాజు మీద కూడా నడుస్తాయి. వాటి పాదాల్లో జిగురు లేదు. అక్కడ ఉన్నవి కెరాటిన్ రోమాలు. మన గోరు ఏ పదార్థమో అదే. దాని గుణకం 100 కోట్ల పాస్కల్ పైమాటే, డాల్‌క్విస్ట్ గీతకు కొన్ని వేల రెట్లు పైన. గోరును గోడకు నొక్కితే అంటుకోదు. మరి అదే పదార్థం బల్లి కాలికి ఎలా పనికొచ్చింది? దాన్ని సన్నటి రోమాలుగా చీల్చడం వల్ల. టోకే అనే పెద్ద బల్లి జాతిలో ఒక్కో పాదానికి సుమారు అయిదు లక్షల రోమాలుంటాయి, ఒక్కో రోమం చివర వందలాది కొసలు చీలి, ఒక్కో కొస 200 నానోమీటర్ల వెడల్పున చిన్న గరిటెలా ముగుస్తుంది. రోమాలు వాలుగా ఉండి స్ప్రింగుల్లా వంగుతాయి. ఆ రోమాల మోపును మొత్తంగా నొక్కి కొలిస్తే గుణకం లక్ష పాస్కల్ దరిదాపుల్లో తేలింది. అంటే బిరుసైన పదార్థంతోనే మెత్తటి ముఖం తయారైంది. 2000లో కెలర్ ఆటమ్ బృందం ఒకే రోమం పట్టును కొలిచినప్పుడు అది 200 మైక్రోన్యూటన్ల దాకా వచ్చింది. బిరుసు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. నిజంగా మెత్తటి జిగురైతే రెండు అడుగుల్లో దుమ్ము పట్టి పనికిరాకుండా పోయేది, రోమాలు ఒకదానికొకటి అంటుకుని జడ కట్టేవి. ఆ ఒక్క వస్తువులోనే మనకు కావలసిన రెండు గుణాలూ వేర్వేరు కొలతల్లో అమరి ఉన్నాయి.

ఇంతవరకు మెత్తదనానిదే పైచేయి. ఇక్కడి నుంచి కథ మారుతుంది.

రెండు వక్ర ముఖాలు తాకినప్పుడు ఏ మేరకు నొక్కుకుపోతాయో 1882లో హైన్రిక్ హెర్ట్జ్ గణితంగా చెప్పాడు. ఆయన సమస్య కటకాలది. గాజు మీద గాజు పెట్టి నొక్కితే వెలుగు వలయాలు ఎలా మారతాయన్నది. ఆ గణితంలో ఆకర్షణకు చోటు లేదు. గాజుకు ఆ అవసరమూ పడలేదు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత కేంబ్రిడ్జ్‌లో కారు అద్దాల వైపర్ రబ్బరు మీద పనిచేస్తున్న రాబర్ట్స్, గాజు గోళాలతో పనిచేస్తున్న కెవిన్ కెండాల్, తక్కువ బరువు పెట్టినప్పుడు తాకిన వైశాల్యం హెర్ట్జ్ చెప్పినదానికన్నా ఎక్కువగా వస్తోందని గమనించారు. వారితో కెన్నెత్ జాన్సన్ కలిశాడు. ముగ్గురూ 1971లో ప్రచురించిన సిద్ధాంతంలో ఒక విచిత్రం బయటపడింది. గోళాన్ని చదును ముఖం నుంచి ఊడదీయడానికి కావలసిన బలం అతుకు శక్తి మీద, గోళం వ్యాసార్థం మీద మాత్రమే ఆధారపడుతుంది. యంగ్ గుణకం ఆ సూత్రంలోంచి పూర్తిగా మాయమైపోతుంది.

ఒక సెంటీమీటరు వ్యాసార్థం ఉన్న గోళం తీసుకుంటే ఆ బలం 2.4 మిల్లీన్యూటన్లు, అంటే పావు గ్రాము బరువు కూడా కాదు. రబ్బరు గోళమైనా అంతే, దానికన్నా వంద రెట్లు మెత్తటి జెల్లీ గోళమైనా అంతే. రబ్బరు తాకిన వలయం వ్యాసార్థం 0.4 మి.మీ. లోపు, జెల్లీది 1.7 మి.మీ. వైశాల్యంలో ఇరవై రెట్ల తేడా ఉన్నా పట్టులో తేడా లేదు! మొదటిసారి ఇది చదివినప్పుడు ముద్రణదోషమేమో అనుకున్నాను. కారణం ఊడే పద్ధతిలో ఉంది. అతుకు అంతా ఒక్కసారిగా ఊడదు. అంచున బీట మొదలై లోపలికి పాకుతుంది. మెత్తటి వస్తువు ఎక్కువ స్థలం పట్టుకుంటుంది నిజమే, కానీ లాగినప్పుడు సాగి, ఆ లాగుడునంతా అంచు దగ్గర పోగేసి బీట పాకడానికి దారి ఇస్తుంది. గోళం ఆకారంలో ఈ లాభం, ఈ నష్టం సరిగ్గా సమానమై రద్దైపోతాయి. పదార్థం పూర్తిగా బిరుసై గోళం మరీ చిన్నదైనప్పుడు సూత్రం కొంచెం మారుతుందని 1975లో మాస్కో శాస్త్రవేత్త డెర్యాగిన్ బృందం వాదించింది. రెండూ ఒకే విషయానికి రెండు కొసలని 1977లో ట్యాబర్ తేల్చడంతో ఆ తగవు చల్లారింది.

గోళం బదులు చదును బిళ్ల పెడితే ఆ సమతూకం పోతుంది. అయిదు మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న గట్టి బిళ్లను మందపాటి రబ్బరు దిమ్మ మీద అంటించి నిటారుగా లాగితే, పది లక్షల పాస్కల్ రబ్బరు నుంచి ఊడదీయడానికి సుమారు 47 గ్రాముల బరువు కావాలి. పదివేల పాస్కల్ జెల్లీ నుంచైతే అయిదు గ్రాములు చాలు. తాకిన వైశాల్యం అదే, అణువులు అవే. దిమ్మ బిరుసు వంద రెట్లు పెరిగితే పట్టు పది రెట్లు పెరిగింది, అంటే గుణకం వర్గమూలంతో. బిరుసైన దిమ్మ బిళ్ల అడుగునున్న అణువులన్నిటి మీదా బరువును ఇంచుమించు సమంగా పంచుతుంది, మెత్తటిది అంచు వరసలో ఉన్నవాటి మీదే వేస్తుంది. పదిమంది కలిసి మోసే దూలం వంగకుండా ఉంటేనే బరువు పదిమందికీ పడుతుంది. అది చేపలా వంగిపోతే చివరనున్నవాడి భుజం విరుగుతుంది.

ఈ రెండు ముఖాలూ చూశాక మంచి జిగురుకు కావలసిందేమిటో దానంతటదే తెలుస్తుంది. కలిసేటప్పుడు అది వీలైనంత మెత్తగా ఉండాలి, కలిశాక బిరుసెక్కాలి. ఫెవిక్విక్ లాంటి జిగుర్లు చేసేది ఇదే. అవి సీసాలో సయనోఅక్రిలేట్ అనే పల్చటి ద్రవం. ద్రవానికి బిరుసే లేదు కనుక ప్రతి లోయలోకీ దిగుతుంది. ముఖం మీద ఉన్న తేమ తగలగానే అణువులు గొలుసులుగా ముడిపడి గట్టి ప్లాస్టిక్ అవుతుంది. సముద్రపు గాలి ఉన్న మన ఊళ్లో మూత సరిగా పెట్టని ట్యూబు వారానికే రాయిలా మారడానికి కూడా అదే కారణం. టేపు మాత్రం ఎప్పటికీ గట్టిపడదు. అది ఇంకో ఉపాయం చేస్తుంది. మెత్తటి జిగురును అతి పల్చగా పూసి, వెనక సాగని రేకు వేస్తారు. ముఖం దగ్గర మెత్తదనం, వీపు దగ్గర బిరుసు.

టేపు గురించి ఇంకొక లెక్క చూడాలి, ఎందుకంటే మొత్తం అణువుల శక్తితోనే తేలిపోతుందనుకుంటే ఇక్కడ బొక్కబోర్లా పడతాం. 25 మి.మీ. వెడల్పు టేపును ముఖానికి లంబంగా లాగుతూ ఊడదీస్తే, 0.05 జౌల్ లెక్కన గ్రాములో ఎనిమిదో వంతు బరువు చాలాలి. నిజానికి అరకిలో దాకా లాగాల్సి వస్తుంది. ఆ కొన్ని వేల రెట్ల తేడా ఎక్కడికి పోయింది? జిగురు తీగలుగా సాగి, తనలో తాను రాసుకుని వేడిగా మారి ఖర్చైపోయింది. మెత్తటి పాలిమర్లు పూర్తిగా స్ప్రింగులూ కావు, పూర్తిగా ద్రవాలూ కావు. వాటి బిరుసు వేగంతో మారుతుంది. మెల్లగా లాగితే మెత్తగా, విసురుగా లాగితే బిరుసుగా ప్రవర్తిస్తాయి. ప్లాస్టర్‌ను మెల్లగా తీస్తే ఒక పట్టు, ఒక్క ఊపున లాగితే ఇంకో పట్టు కనిపించేది అందుకే. 1972లో జెంట్, షుల్ట్జ్ ఇదే పరీక్షను వేర్వేరు ద్రవాల్లో ముంచి చేశారు. ద్రవం వల్ల అణువుల ఆకర్షణ తగ్గిన మేరకే మొత్తం ఖర్చు కూడా అదే నిష్పత్తిలో తగ్గింది. అంటే వేడిగా పోయే ఆ పెద్ద మొత్తం అణువుల చిన్న ఆకర్షణ శక్తికి గుణకారంగా వస్తుంది, విడిగా వచ్చి కలవదు. అణువులు ముందు పట్టుకోకపోతే తీగలు సాగే అవకాశమే రాదు.

కొట్టులో ఆ కుర్రాడు చివరికి బుడగను తీసిన తీరులో ఇదంతా ఉంది. అద్దాన్ని మధ్యలో పట్టుకుని పైకి లాగలేదు. అలా లాగితే తెర కూడా వచ్చేది. మూల దగ్గర సన్నటి ప్లాస్టిక్ కార్డు దూర్చి ఒక అంచు లేపాడు. అక్కడి నుంచి బీట తనంతట తానే రేణువు దాకా వచ్చింది. టేపు ముక్కను రేణువుకు అద్దాడు. టేపు మెత్తటి జిగురు రేణువును చుట్టూ పొదివి పట్టింది. గాజు మీద ఆ రేణువు తాకుతున్నది రెండు మూడు బిందువుల దగ్గరే కాబట్టి టేపుతో వచ్చేసింది. అద్దం వదిలాడు, నల్లమచ్చ మళ్లీ పాకింది.

పరిశోధనలో ఇటీవల వచ్చిన ఒక మలుపును ఇక్కడ ప్రస్తావించాలి. అంటించేటప్పుడు దొరికే శక్తి కన్నా ఊడదీసేటప్పుడు పెట్టాల్సిన శక్తి ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. ఈ తేడాను చాలాకాలం పాలిమర్ జిగటదనానికే కట్టబెట్టారు. 2019లో అమెరికాలోని ఏక్రన్, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయాల బృందాలు నాలుగు రకాల బిరుసు ఉన్న సిలికోన్ గోళాలను, నాలుగు రకాల గరుకు ఉన్న వజ్రపు పూతల మీద అంటించి ఊడదీసి, గరుకును పరమాణు స్థాయి దాకా కొలిచి లెక్కలు సరిచూశాయి. ఆ దారిలో సాగిన తర్వాతి పని చెప్పిందేమిటంటే, జిగటదనం ఏమాత్రం లేని ఆదర్శ పదార్థంలో కూడా గరుకు వల్లే ఈ తేడా పుడుతుంది. అంచున పాకే బీట ప్రతి చిన్న గుట్ట దగ్గరా తట్టుకుని, ఆగి, ఒక్కసారిగా దూకుతుంది. ముందుకు వెళ్లేటప్పుడు ఒకచోట, వెనక్కి వచ్చేటప్పుడు మరోచోట ఆగుతుంది. కాబట్టి గరుకు అతుకును చెరపడమే కాదు, తగినంత మెత్తటి పదార్థం దొరికితే ఆ అతుకును మొండిగా కూడా చేస్తుంది. మరీ మెత్తటి గెల్స్‌కు వస్తే ఇంకో చిక్కు ఉంది. గుణకం కొన్ని వేల పాస్కల్‌కు పడిపోయాక, పది మైక్రోమీటర్ల కొలతలో వాటి ఆకారాన్ని నిలబెట్టేది బిరుసు కాదు, తలతన్యత, అంటే నీటిబొట్టును గుండ్రంగా బిగించి ఉంచే ముఖపు లాగుడు. అక్కడ ఘనపదార్థం నీటిబొట్టులా నడుచుకుంటుంది, 1971 నాటి సూత్రం పనిచేయదు.

ఈ విషయమంతా జీవకణాల దగ్గరకు వచ్చేసరికి మరింత సున్నితమవుతుంది. కణం తన చుట్టూ ఉన్న కణజాలాన్ని పట్టుకునేది వాండర్ వాల్ బలాలతో మాత్రమే కాదు, తాళంలో తాళంచెవిలా ఇమిడే ప్రోటీన్ జతలతో. అలాంటి ఒక్క జతను లాగితే అది తెగే సమయం బలంతో పాటు ఘాతీయంగా తగ్గుతుందని 1978లో జార్జ్ బెల్ లెక్క చెప్పాడు. సాధారణ జతల్లో ప్రతి పది పికోన్యూటన్ల బలానికీ ఆయుష్షు రెండున్నర రెట్ల పైచిలుకు తగ్గుతుంది. అందువల్ల "ఈ బంధం బలం ఎంత" అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే ప్రసిద్ధమైన జతను నిమిషం పాటు మెల్లగా లాగితే అయిదు పికోన్యూటన్ల దగ్గరే తెగింది, మిల్లీసెకనులో లాగితే 170 దాకా తట్టుకుంది. ఇందులో బిరుసు పాత్ర ఎక్కడంటే, లాగే వేగాన్ని, స్ప్రింగులా సాగే ఆధారం బిరుసుతో గుణిస్తేనే బంధం మీద బలం పెరిగే రేటు వస్తుంది. కణం తన లోపలి మోటార్లతో ఒకే వేగంతో లాగుతున్నా, కింద ఉన్నది మెత్తటి గెల్ అయితే బంధం మీద బలం మెల్లగా పెరుగుతుంది, బిరుసైనదైతే క్షణంలో పెరుగుతుంది. కణం నేల బిరుసును కొలిచేది ఇలాగే. మనం మామిడిపండును వేలితో నొక్కి చూసినట్టు, అది నేలను లాగి చూస్తుంది.

2006లో ఎంగ్లర్, డిషర్ బృందం ఈ సంగతిని కళ్లకు కట్టించింది. కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో ఒకే పూత, ఒకే రకం మూలకణాలు, కింద గెల్ బిరుసు మాత్రం వేరు. వెయ్యి పాస్కల్ లోపు మెదడంత మెత్తటి గెల్ మీద అవి నాడీకణాల పోలికలు తెచ్చుకున్నాయి, 8 నుంచి 17 వేల పాస్కల్ మధ్య కండర కణాల పోలికలు, 25 నుంచి 40 వేల మధ్య ఎముక కణాల పోలికలు. పూత అణువులను మార్చకుండా కేవలం బిరుసు మార్చి కణం బతుకుదారి మళ్లించారు.

అతుకు పడటం ఎప్పుడూ మంచిదే కానక్కర్లేదని చెప్పే ఉదాహరణ మన చేపలరేవులోనే ఉంది. ఒడ్డుకు లాగిన పడవ అడుగున నాచు, దాని మీద సున్నపు పెంకుతో ముద్రవేసినట్టు అతుక్కున్న గుల్లలు కనిపిస్తాయి. వాటిని గోకి తీయడం పెద్ద చాకిరీ. ఏ రంగు వేస్తే అవి పట్టవు అన్న ప్రశ్నకు చాలాకాలం రసాయనశాస్త్రమే జవాబు వెతికింది. ఉపరితల శక్తి, అంటే ముఖంలోని అణువులు ఇతర వస్తువులను లాగే శక్తి, తక్కువున్న పదార్థం వేస్తే చాలనుకున్నారు. ఆ లెక్కన టెఫ్లాన్ అన్నిటికన్నా మేలు కావాలి, సిలికోన్ కన్నా దాని ఉపరితల శక్తి కొంచెం తక్కువ కూడా. కానీ సముద్రంలో గుల్లలు సిలికోన్ మీద నుంచే తేలికగా ఊడాయి. 2000లో అమెరికా నౌకాదళ పరిశోధకులు బ్రేడీ, సింగర్ దీన్ని విడమరిచారు. పట్టు ఉపరితల శక్తి ఒక్కదానితో కాక, ఉపరితల శక్తినీ యంగ్ గుణకాన్నీ గుణించి తీసిన వర్గమూలంతో నడుస్తోంది. చదును బిళ్ల లెక్కలో చూసిన వర్గమూలమే ఇది, గుల్లే ఇక్కడ ఆ గట్టి బిళ్ల. టెఫ్లాన్ గుణకం దాదాపు 50 కోట్ల పాస్కల్, సిలికోన్‌ది పది ఇరవై లక్షలు. వర్గమూలం తీస్తే పదిహేను ఇరవై రెట్ల తేడా. ఉపరితల శక్తిలో ఉన్న కొద్దిపాటి ఆదా ఆ తేడా ముందు నిలవలేదు. మెత్తటి పూత గుల్ల అంచున సాగి బీటకు దారి ఇస్తుంది, గుల్ల పెచ్చులా ఒలిచినట్టు ఊడిపోతుంది. పూత కొంత మందంగా ఉంటేనే ఈ పని జరుగుతుంది, మరీ పల్చనైతే అడుగునున్న లోహం బిరుసు పైకి తగులుతుంది.

అయితే ఇది గుల్లను పట్టనివ్వని పూత కాదు, పట్టినదాన్ని సులువుగా వదిలే పూత మాత్రమే. వదలడానికి లాగేవాడొకడు ఉండాలి. ఓడ వేగంగా నడుస్తున్నప్పుడు నీటి ఒరిపిడే ఆ పని చేస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు మర పడవలన్నీ 61 రోజులు జెట్టీకి కట్టేసి ఉంటాయి. ఆ నిలవనీటిలో గుల్లలకు ఒరిపిడి తగలదు, ఎంత మెత్తటి పూత ఉన్నా అవి పెరుగుతూనే ఉంటాయి, జూన్‌లో మళ్లీ గోకుడు పారే పట్టాలి.